వాట్సాప్‌లో పంపిన ఫోటో వేరు, స్కాన్ వేరు

ప్రశ్న: మాది పలాస. మా మామయ్యగారికి 71 ఏళ్లు. పోయిన వారం రాత్రిపూట బాత్రూంలో జారిపడ్డారు. తల వెనక బొప్పి కట్టింది కానీ స్పృహ తప్పలేదు. ఊళ్లోనే స్కాన్ సెంటర్లో తలకి సీటీ తీయించాం. ఆ టైంలో అక్కడ డాక్టరెవరూ లేరు, టెక్నీషియన్ కుర్రాడొక్కడే ఉన్నాడు. "ఇమేజెస్ పంపించానండీ, రిపోర్టు వచ్చేస్తుంది" అన్నాడు. ముప్పావుగంటలో వచ్చింది. కింద ఉన్న పేరు ఎక్కడో వేరే రాష్ట్రంలోని డాక్టరుది. కుడివైపు పల్చగా సబ్‌డ్యూరల్ బ్లీడింగ్ ఉందని రాశారు. విశాఖ తీసుకెళ్తే రెండు రోజులు ఉంచుకుని పంపేశారు. రెండు వారాల తర్వాత మళ్లీ స్కాన్ తీయించుకుని రమ్మన్నారు. మా మరిది డల్లాస్‌లో పిల్లల డాక్టరు. ఫిల్ములు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే చూసి, "నాకేం కనపడటంలేదు వదినా, ఎక్కడో కూర్చుని రాసే రిపోర్టులు నమ్మకండి, మళ్లీ స్కాన్ దండగ" అన్నాడు. మామయ్యగారు మామూలుగానే ఉన్నారు. మనిషిని చూడని డాక్టరు రాసినదాన్ని నమ్మాలా? మా స్కాన్లు ఇలా ఎవరెవరి కంప్యూటర్లలోకో వెళ్తే ఇబ్బంది ఉండదా?
– పేరు రాయవద్దన్న ఒక పాఠకురాలు, పలాస

సమాధానం: రెండో స్కాన్ తీయించండి. విశాఖ డాక్టరు చెప్పిన తేదీకే వెళ్లండి. మిగతా సంగతులన్నీ దీని తర్వాతే.

వయసు పైబడ్డాక మెదడు కాస్త కుదించుకుపోతుంది. దానికీ పుర్రెకీ మధ్య ఖాళీ పెరిగి, అక్కడ ఉండే సన్నని సిరలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే చిట్లుతాయి. కారిన రక్తం మెదడు మీద పల్చటి పొరలా పరుచుకుంటుంది. రిపోర్టులో రాసిన సబ్‌డ్యూరల్ బ్లీడింగ్ ఇదే. చాలామందిలో అది దానంతటదే ఇంకిపోతుంది. కొందరిలో మాత్రం కొన్ని వారాలపాటు మెల్లగా పెరుగుతూ పోయి మెదడుని నొక్కుతుంది. పెద్దాయన మామూలుగా తిరుగుతూనే ఉంటారు, లోపల అది పెరుగుతూ ఉంటుంది. అందుకే మళ్లీ రమ్మన్నారు. ఈలోగా తలనొప్పి రోజురోజుకీ ఎక్కువవుతున్నా, పగలంతా మగతగా పడుకుంటున్నా, మాట తడబడినా, నడకలో తూలినా, ఎడమ చెయ్యో కాలో పట్టు తప్పినా, వాంతులైనా, ఎదురుగా ఉన్న మనిషిని పోల్చుకోలేకపోయినా డాక్టరిచ్చిన తేదీ వచ్చేదాకా ఆగొద్దు. అప్పటికప్పుడు 108కి ఫోన్ చేయండి. కుడివైపు రక్తం నొక్కితే లక్షణాలు సాధారణంగా ఎడమవైపు కనపడతాయి, కాబట్టి ఆ వైపు ప్రత్యేకంగా గమనించండి.

మీరు ఉత్తరంలో రాయని విషయం ఒకటుంది. మామయ్యగారు గుండెకో, పాత పక్షవాతానికో రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటున్నారా? ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి. ఆ వయసులో చాలామంది వేసుకుంటారు. వేసుకుంటున్నట్టయితే ఆ సంగతి విశాఖ డాక్టరుకి తెలుసో లేదో ఈరోజే ఫోన్ చేసి కనుక్కోండి. మీ అంతట మీరు ఆపేయడమూ ప్రమాదమే, చెప్పకుండా కొనసాగించడమూ ప్రమాదమే.

ఇక మీ మరిదికి ఎందుకు కనపడలేదన్న ప్రశ్న. ఆయన చదువుని తప్పుపట్టాల్సిన పనిలేదు. నేను రేడియాలజిస్టుని, అంటే స్కాన్లు చదివి రిపోర్టు రాసే డాక్టరుని. నాకు ఆ ఫోటో పంపినా నేనూ ఏమీ చెప్పలేకపోయేవాణ్ణేమో. ఎందుకంటే ఆయన చూసింది స్కాన్ కాదు. స్కాన్‌లో కొంత భాగాన్ని ఫిల్ము మీద అచ్చువేస్తే, ఆ ఫిల్ముని ఫోన్‌తో తీసిన ఫోటో.

సీటీ మెషిన్ తలని సన్నని పొరలు పొరలుగా తీస్తుంది. ఒక్కో పొర, నిలువునా అడ్డంగా 512 చొప్పున గడులున్న బొమ్మ. ప్రతి గడిలో ఒక అంకె ఉంటుంది. నీళ్లకి 0, గాలికి మైనస్ 1000. మెదడు 30, 40 దగ్గర ఉంటుంది. అప్పుడే కారిన రక్తం 50 నుంచి 70 దాకా ఉంటుంది. ఎముక అయితే వందలు దాటి వెయ్యి దాకా పోతుంది. సీటీని తయారుచేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరే ఈ కొలతకి పెట్టారు. 1979లో నోబెల్ బహుమతి పంచుకున్నది ఆయనే. అయితే ఇన్ని వేల ఛాయల్ని ఒకేసారి విడదీసి చూసే శక్తి మన కంటికి లేదు. అందుకని వాటిలో కొంత భాగాన్నే ఎంచుకుని తెర మీద నలుపు నుంచి తెలుపు దాకా పరుస్తాం. దీన్నే మేం విండో అంటాం. మెదడు చూడటానికి మామూలుగా పెట్టే విండోలో 0 నుంచి 80 దాకా ఉన్న అంకెలకే ఛాయలుంటాయి. 80 దాటిందల్లా ఒకటే తెలుపు.

ఫిల్ము మీద అచ్చయ్యేది చాలావరకు ఈ విండోనే. ఇప్పుడు పుర్రె ఎముకని ఆనుకుని మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన, 65 అంకెలో రక్తం ఉందనుకోండి. ఎముక పూర్తిగా తెలుపు, రక్తం దాదాపు తెలుపు. రెండూ కలిసిపోయి, ఆ చోట పుర్రె కాస్త మందంగా ఉన్నట్టు కనపడుతుంది, అంతే. ఆ ఫిల్ముని ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుని ఫోటో తీస్తే, ఫోను తన లెక్క ప్రకారం వెలుగుని సర్దుతుంది. వాట్సాప్ దాన్ని ఇంకా కుదించి పంపుతుంది. జిరాక్సుని మళ్లీ జిరాక్సు తీసి, దాన్ని ఇంకోసారి తీస్తే చిన్న అక్షరాలు ఏమవుతాయో పల్చటి రక్తం పొర కూడా అదే అవుతుంది. డాక్యుమెంటుగా పంపితే మేలు కదా అని కొందరంటారు. ఫోటో కుదించుకుపోదు, నిజమే. కానీ అది అప్పటికే ఫిల్ముకి ఫోటో. పోయింది ఎక్కడో ముందే పోయింది.

రాత్రి ఆ రిపోర్టు రాసిన డాక్టరు ముందున్నది వేరు. ఆయనకి అంకెలన్నీ చెక్కుచెదరకుండా వచ్చాయి. మౌసు నొక్కిపట్టి పక్కకి లాగితే విండో వెడల్పవుతుంది. ఎముక తెల్లగానే ఉంటుంది, రక్తం మాత్రం బూడిదరంగులోకి దిగి విడిగా తేలుతుంది. తర్వాత అదే స్కాన్‌ని ఒక చెవి నుంచి ఇంకో చెవికి నిలువుగా కోసినట్టు మార్చుకుని, నడినెత్తి దగ్గరా పక్కలా ఇంకోసారి చూస్తాం. పడిపోయిన పెద్దవాళ్ల స్కాన్ ఏది వచ్చినా చేసే పనే ఇది. ఫిల్ముతో ఇందులో ఒక్కటి కూడా కుదరదు. పైగా ఫిల్ము మీద వేసేది ముప్పయ్యో నలభయ్యో మందపాటి పొరలు. మెషిన్లో సన్నని పొరలు వందకి పైనే ఉంటాయి, ఒక్కోసారి రెండు మూడొందలు. ఒక్కో పొర సుమారు అర ఎంబీ వేసుకున్నా మొత్తం స్కాన్ యాభై ఎంబీ దాటుతుంది, ఒక్కోసారి వంద కూడా. ఈ ఫైళ్లని డైకామ్ ఫైళ్లంటారు. 1993 నుంచి ఆ పేరుతో ప్రపంచమంతా వాడుతున్న పద్ధతి అది. ఏ కంపెనీ మెషిన్లో తీసినా, ఏ దేశంలో తెరిచినా అవే అంకెలు వస్తాయి. పేరు, వయసు, తేదీ కూడా బొమ్మలతో పాటే ఫైల్లో ఉంటాయి.

మీ రెండో మాట, "మనిషిని చూడని డాక్టరు." విశాఖలో పెద్ద ఆసుపత్రికి వెళ్లినా సీటీ రిపోర్టు రాసే రేడియాలజిస్టు చాలాసార్లు మనిషిని చూడరు. చీకటి గదిలో తెర ముందు కూర్చుంటారు. ఆ గది స్కాన్ రూంకి పక్కనుందా పక్క రాష్ట్రంలో ఉందా అన్నదానివల్ల బొమ్మలో మార్పేమీ ఉండదు. ఇది నిన్నమొన్నటి పద్ధతీ కాదు. అమెరికాలో ఫిలడెల్ఫియా దగ్గర టెలిఫోన్ లైన్ల మీద ఎక్స్‌రేలు పంపి చదివిన సంగతి 1950 నాటికే వైద్య పత్రికలకెక్కింది. మన దగ్గర చూస్తే, చిత్తూరు జిల్లా అరగొండలో 2000 మార్చిలో గ్రామీణ టెలీమెడిసిన్ కేంద్రం మొదలైంది. దాన్ని ప్రారంభించింది అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్. 2002లో బెంగళూరులో పెట్టిన ఒక సంస్థ, అమెరికా ఆసుపత్రుల్లో అర్ధరాత్రి తీసిన స్కాన్లని ఇక్కడి పగటిపూట చదివి పంపడం మొదలుపెట్టింది. అక్కడి డాక్టర్లు నిద్రపోతుంటే ఇక్కడివాళ్లు చదివేవారు. "ఎక్కడో కూర్చుని రాసే రిపోర్టు" మీద నమ్మకం లేదంటున్న మీ మరిదిగారి దేశమే ఆ రిపోర్టుల మీద రాత్రిళ్లు చాలాకాలం నడిచింది, చెబితే ఆయనకీ నవ్వొస్తుంది. కాకపోతే అక్కడ ఒక నియమం ఉంది. బయటి దేశంలో చదివినదానికి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ డబ్బివ్వదు. అందువల్ల రాత్రి వచ్చింది ప్రాథమిక రిపోర్టు, తెల్లారి అక్కడి డాక్టరు చూసి ఇచ్చేది ఫైనల్. ఈ ప్రాథమికం, ఫైనల్ తేడా మీకూ పనికొస్తుంది, కాసేపట్లో చెబుతాను.

రాత్రిపూట పలాస లాంటి ఊళ్లో ఈ ఏర్పాటు లేకపోతే ఏమయ్యేదో కూడా ఆలోచించండి. సీటీ తీసే మెషిన్ ఉంటుంది, చదివే మనిషి ఉండడు. తెల్లారేదాకా ఆగాలి. పక్షవాతం కేసులో అయితే రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షన్‌ని మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అదీ, తలలో రక్తస్రావం లేదని సీటీలో తేలాకే. ముప్పావుగంటలో రిపోర్టు రావడం అక్కడ ప్రాణంతో సమానం.

అలాగని దూరం వల్ల పోయేదేమీ లేదని నేననను. పోయేది బొమ్మ కాదు, ఆ బొమ్మ వెనకున్న కథ. రాత్రి డ్యూటీలో నా తెర మీద ఒక వరస కనపడుతుంది: పేరు, వయసు, ఏ భాగం, ఎప్పుడు తీశారు, చివర్లో హిస్టరీ అని ఒక గడి. ఆ గడిలో ఎక్కువసార్లు ఉండేది ఒకటే మాట, "ఫాల్". ఎప్పుడు పడ్డారు? ఏ వైపు తగిలింది? కళ్లు తిరిగి పడ్డారా, జారిపడ్డారా? రక్తం పల్చబడే మాత్రలున్నాయా? ఇదివరకు తలకి ఆపరేషన్ ఏమైనా అయిందా? ఏమీ ఉండదు. ఒక సెంటర్ నుంచి వచ్చిన మోకాలి ఎమ్మారై మీద "పెయిన్" అని మాత్రమే రాసి ఉంది. ఎన్నాళ్లుగా, దెబ్బ తగిలిందా అని ఫోన్ చేస్తే, అడిగిన పాపానికి విసుక్కున్నారు. పాత స్కాన్ లేకపోవడం ఇంకో లోటు. బొమ్మలో కనపడిన మచ్చ కొత్తదా, పదేళ్లనాటిదా అన్నది పాత బొమ్మ పక్కన పెట్టి చూస్తే ఒక్క చూపులో తేలిపోతుంది. అది లేకపోతే "క్లినికల్‌గా పోల్చి చూడగలరు" అని రాసి వదిలేస్తాం. రిపోర్టుల చివర ఆ వాక్యం చూసి జనం తప్పించుకున్నారనుకుంటారు. కొన్నిసార్లు నిజంగా తప్పించుకోవడమే. ఎక్కువసార్లు మాత్రం ఇంతకుమించి మాకు తెలిసే దారి లేక రాసినది.

ఈ లోటు మీరు తీర్చగలరు. రెండో స్కాన్‌కి వెళ్లినప్పుడు ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి పట్టుకెళ్లండి: పడిన తేదీ, తగిలిన చోటు, వాడే మాత్రల పేర్లు, మొదటి స్కాన్‌లో ఏం రాశారో. టెక్నీషియన్‌కి ఇచ్చి, "బొమ్మలతో పాటు ఇది కూడా పంపు బాబూ" అనండి. ఫోన్లో ఫోటో తీసి దాన్ని కూడా ఎక్కిస్తారు. కాగితానికి వాట్సాప్ ఫోటో చాలు, అక్షరాలు కనపడితే సరి. ఇంకోమాట. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం పక్కనే. తలకి మామూలు సీటీకైతే అక్కర్లేదు కానీ, మున్ముందు ఎవరికైనా కాంట్రాస్ట్ మందు ఎక్కించి స్కాన్ తీయాలంటే కిడ్నీ సంగతి అడక్కపోయినా చెప్పండి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష తాజా రిపోర్టు చూపించండి. ఎక్కడో కూర్చున్న డాక్టరుకి ఉద్దానం కిడ్నీల సంగతి తెలియకపోవచ్చు.

మొదటి స్కాన్ డేటా ఇప్పుడే తెచ్చుకోండి. సెంటర్లో మెషిన్ నిండిపోతే పాతవి చెరిపేస్తారు. "ఫిల్ము ఇచ్చాం కదమ్మా" అంటారు. "ఫిల్ము కాదు, డైకామ్ ఇమేజెస్ కావాలి, సన్నని పొరలతో సహా" అని స్పష్టంగా అడగండి. సీడీలో రాసిస్తారు, లేదా లింకు పంపుతారు. ఈ రోజుల్లో సీడీ పెట్టే కంప్యూటర్ ఎవరింట్లో ఉంది? లింకే మేలు, లేదంటే కొత్త పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి. కొద్దిగా డబ్బు అడిగినా ఇచ్చేయండి, రెండోసారి తీయించేదానితో పోలిస్తే అదెంత. మొండికేస్తే, రోగి గానీ తరఫువాళ్లు గానీ అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని డాక్టర్ల నడవడిక మీద 2002లో వచ్చిన నిబంధనల్లో ఉందని మర్యాదగా గుర్తుచేయండి. ఒక చీటీ మీద రాసిచ్చి తేదీ వేయించుకుంటే చాలామంది అక్కడితో దిగొస్తారు.

ఇప్పుడు ఆ రిపోర్టు కాగితం ఒకసారి ముందు పెట్టుకోండి. కింద డాక్టరు పేరు, డిగ్రీ, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఎండీ రేడియాలజీ, డీఎన్‌బీ, డీఎంఆర్‌డీ, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. పేరు, నంబరు పెట్టి నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్లో వెతకొచ్చు. వేరే రాష్ట్రం డాక్టరు కదా, చెల్లుతుందా అంటే, చెల్లుతుంది. 2020 మార్చిలో వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఇక్కడ రిజిస్టరైన డాక్టరు దేశంలో ఏ మూలనున్న రోగికైనా టెలీమెడిసిన్ ద్వారా వైద్యం చెప్పొచ్చు. పేరూ నంబరూ లేకుండా సెంటర్ ముద్ర ఒక్కటే ఉంటే మాత్రం ఆ కాగితాన్ని నేను ఒప్పుకోను, మీరూ ఒప్పుకోకండి. తర్వాత, "ప్రిలిమినరీ" లేదా "ప్రొవిజనల్" అన్న మాట ఎక్కడైనా ఉందేమో చూడండి. ఉంటే ఫైనల్ రిపోర్టు వచ్చిందా అని సెంటర్‌ని అడగండి. అర్ధరాత్రి రిపోర్టుకీ మర్నాటి రిపోర్టుకీ మధ్య ఒక వాక్యం మారడం మామూలే. ఆ మార్పు రోగి ఇంటికి చేరకపోవడమే అసలు చిక్కు.

ఇన్ని చెప్పాను కదా అని అన్నీ ఇలా దూరం నుంచి చదవొచ్చనుకోకండి. అల్ట్రాసౌండ్ వేరు. అక్కడ ఒంటిమీద ఆనించే ప్రోబ్‌ని పట్టిన చెయ్యే సగం రోగనిర్ధారణ. ఏ బొమ్మ దగ్గర ఆపి పంపాలో ప్రోబ్ పట్టినవాళ్లే తేల్చుకోవాలి. టెక్నీషియన్ చేసి డాక్టరు ఎక్కడినుంచో సంతకం పెట్టే అల్ట్రాసౌండ్ వద్దు. గర్భిణి విషయంలోనైతే లింగనిర్ధారణ చట్టం కింద కేసవుతుంది కూడా.

మీ స్కాన్లు ఎవరి కంప్యూటర్లోకి వెళ్తున్నాయన్న భయం అనవసరమైనది కాదు. మంచి సెంటర్లు పాస్‌వర్డ్ ఉన్న సర్వర్ ద్వారా పంపుతాయి, ఎవరు తెరిచారో అందులో నమోదవుతుంది. కొన్ని చోట్ల మాత్రం టెక్నీషియన్ సొంత ఫోన్లోని వాట్సాప్ గ్రూపులో పేరుతో సహా పడేస్తారు. అది నాకూ నచ్చదు. "ఏ సాఫ్ట్‌వేర్‌లో పంపుతున్నారు?" అని ఒక్క ప్రశ్న వేస్తే సంగతి తెలుస్తుంది. వ్యక్తిగత డేటా రక్షణకి 2023లో చట్టం కూడా వచ్చింది, అడగడానికి మొహమాటపడకండి. కానీ నిజం చెప్పాలంటే, ఇందులో ఇంటివాళ్ల పాత్రా తక్కువేం కాదు. ఆ ఫిల్ముల ఫోటోలు ఇప్పటికి ఎన్ని ఫ్యామిలీ గ్రూపుల్లో తిరిగి ఉంటాయో ఒకసారి లెక్కేసుకోండి.

చివరిగా మీ మరిది. ఆయనది తండ్రి మీద బెంగ. దూరాన ఉన్నవాళ్లకి అంతా బాగానే ఉందని చెప్పాలనీ అనిపిస్తుంది, వినాలనీ అనిపిస్తుంది. ఆయన్ని కాదని స్కాన్ తీయించానన్న మాట మీ మీదికి రాకుండా చూసుకోండి. అసలు డైకామ్ లింకు చేతికొచ్చాక ఆయనకి పంపి ఇలా రాయండి: "మీరు చూసింది ఫిల్ము ఫోటో మాత్రమేనట. ఒరిజినల్ ఇదిగో. మీ హాస్పిటల్లో రేడియాలజిస్టు ఎవరైనా తెలిసుంటే ఒక్కసారి చూపించండి, కుడివైపు, విండో వెడల్పు చేసి." ఆయనకి కనపడితే రెండో స్కాన్‌కి తనే తొందరపెడతారు. కనపడకపోయినా స్కాన్ మానొద్దు. అక్కడి స్నేహితులు చెప్పేది ఇంటి సలహా, రిపోర్టు కాదు. విశాఖ డాక్టరుకి కావలసింది రెండు స్కాన్లూ పక్కపక్కన. లింకులు రెండూ ఫోన్లో పెట్టుకుని, ఫిల్ములూ చేతపట్టుకుని వెళ్లండి. ఆసుపత్రిలో నెట్ పనిచెయ్యకపోతే ఫిల్ములైనా ఉంటాయి.